లా చదవకుండానే సొలిసిటర్: ఇంగ్లండ్, వేల్స్‌లో ట్రైనీ కొలువుల దారి

ఇంగ్లండ్‌లో సొలిసిటర్‌గా నమోదైన తొలి మహిళ క్యారీ మారిసన్. అది 1922 డిసెంబరు. మహిళలను వృత్తులకు దూరంగా ఉంచిన పాత అడ్డంకిని పార్లమెంటు 1919లో తొలగించాక, ఆఖరి పరీక్ష గట్టెక్కిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీలో ఆమె చదివింది మాత్రం న్యాయశాస్త్రం కాదు. మధ్యయుగ, ఆధునిక భాషలు. అంతకుముందు నిబంధనలు ఆమెను ఆపింది ఆడమనిషి అయినందుకే. డిగ్రీ ఏదన్నది అప్పుడూ అడ్డు కాలేదు, ఇప్పుడూ కాదు.

లండన్ సిటీలోని పెద్ద న్యాయసంస్థల్లో ఏటా చేరే ట్రైనీ సొలిసిటర్లలో దాదాపు సగం మంది చరిత్ర, సాహిత్యం, భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం, ఇంజనీరింగ్ వంటివి చదివి వచ్చినవారే. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి, మూడేళ్లు లా చదివి, బార్ కౌన్సిల్‌లో నమోదయ్యే పద్ధతికి అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఇది కాస్త విడ్డూరంగానే ఉంటుంది. అక్కడ ఆ మూడేళ్ల చదువును ఒక్క ఏడాదిలోకి కుదించారు. 2021 తర్వాత నియంత్రణ సంస్థ ఆ ఏడాదిని కూడా తప్పనిసరి చేయడం లేదు. అలాగని దారి సులువనుకుంటే పొరపాటు. అడ్డంకులు ఉన్నాయి, కాకపోతే అవి డిగ్రీ పట్టా దగ్గర కాక క్యాలెండరు దగ్గరా, డబ్బు దగ్గరా ఎదురవుతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో న్యాయవాద వృత్తి రెండు పాయలు. కోర్టులో నిలబడి వాదించడం ప్రధానంగా బారిస్టర్ల పని. కక్షిదారుతో నేరుగా మాట్లాడి సలహా ఇవ్వడం, ఒప్పందాలు రాయడం, ఇళ్లు, భూముల బదిలీ, వీలునామాలు, కంపెనీల కొనుగోళ్లు, కేసును కోర్టుకు సిద్ధం చేయడం సొలిసిటర్ల పని. ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న సొలిసిటర్లు లక్షా అరవై వేలకు పైనే. వీరి ప్రాతినిధ్య సంస్థ 1825లో పుట్టిన లా సొసైటీ. నియంత్రణ బాధ్యత 2007 నుంచి సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీది. అందరూ ఎస్‌ఆర్‌ఏ అంటారు. ఒక సొలిసిటర్ పర్యవేక్షణలో, జీతం తీసుకుంటూ, సాధారణంగా రెండేళ్లు పని నేర్చుకునే వ్యక్తే ట్రైనీ సొలిసిటర్. ఆ రెండేళ్ల ఒప్పందం పేరు ట్రైనింగ్ కాంట్రాక్టు. 2014లో అధికారిక పత్రాల్లో పేరు మార్చినా, విద్యార్థుల నోట, సంస్థల ప్రకటనల్లో పాత పేరే నిలిచింది. సీఏ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆర్టికల్స్ అంటే ఏమిటో తెలుసు కదా, స్థూలంగా ఇదీ అదే. నిజానికి ఇంగ్లండ్‌లోనూ ట్రైనీని ఒకప్పుడు ఆర్టికల్డ్ క్లర్క్ అనే పిలిచేవారు.

ఆఫీసులో నేర్చిన విద్య

లా చదవనివారికి ఇంత చోటు ఎందుకుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో శతాబ్దాల తరబడి బోధించింది రోమన్ న్యాయం, చర్చి న్యాయం. దేశంలోని కోర్టులు పాటించే కామన్ లా అక్కడి పాఠ్యాంశమే కాదు. విలియం బ్లాక్‌స్టన్ 1753లో ఆక్స్‌ఫర్డ్‌లో దానిపై ఉపన్యాసాలు మొదలుపెట్టడం కొత్త విషయమైంది. అందుకోసం వినేరియన్ పీఠం ఏర్పడింది 1758లో. అప్పటికే, 1729 నాటి చట్టం సొలిసిటర్ కాదలచినవారు అయిదేళ్లు ఆర్టికల్స్ చేయాలని విధించింది. అంటే యూనివర్సిటీ న్యాయశాస్త్రాన్ని చేరదీయకముందే ఆఫీసు దాన్ని నేర్పుతోంది. నేర్పే సొలిసిటర్‌కు కుర్రవాడి తండ్రి ఎదురు డబ్బు కట్టడం ఆనవాయితీగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకూ అసలు డిగ్రీయే లేకుండా ఆర్టికల్స్‌తో సొలిసిటర్లు అయినవారు ఎందరో.

1971లో ఆర్మ్‌రాడ్ కమిటీ ఈ వృత్తిని పట్టభద్రుల వృత్తిగా మార్చాలని సూచించింది. అయితే ఆ పట్టా లాలోనే ఉండాలన్న కఠిన నిబంధన రాలేదు. వేరే సబ్జెక్టు చదివినవారి కోసం ఒక మార్పిడి కోర్సు పుట్టింది. దాని పేరు మొదట సీపీఈ, తర్వాత జీడీఎల్, ఇప్పుడు ఎక్కువ చోట్ల పీజీడీఎల్. ఏడాదిలో ఒప్పందాల చట్టం, టార్టులు, క్రిమినల్ లా, భూమి చట్టం, ఈక్విటీ–ట్రస్టులు, రాజ్యాంగ–పరిపాలనా చట్టం, యూరోపియన్ యూనియన్ చట్టం చుట్టేస్తారు. మూడేళ్ల డిగ్రీలో తీరిగ్గా నమిలేదాన్ని ఇక్కడ గబగబా మింగాలి. దీని తర్వాత వృత్తి కోర్సు. 1993 నుంచి అది ఎల్‌పీసీ.

లా డిగ్రీవారితో పోలిస్తే వీరికి లోతు తక్కువన్న విమర్శ ఎప్పుడూ ఉంది. దాంట్లో కొంత నిజముంది. కానీ మొదటి ఆరు నెలలు గడిచాక ఆఫీసులో ఎవరు ఏ డిగ్రీవారో గుర్తుపట్టడం కష్టమన్న మాట కూడా అక్కడ తరచూ వినిపిస్తుంది. పరంపరను చూస్తే ఆశ్చర్యం లేదు. బారిస్టర్ల వైపునా ఇదే కథ: బ్రిటన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జొనథన్ సంప్షన్ చరిత్ర విద్యార్థి, ఆ కోర్టు అధ్యక్షుడిగా పనిచేసిన డేవిడ్ న్యూబర్గర్ ఆక్స్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రం చదివారు.

ఎస్‌క్యూఈ వచ్చాక

2021 సెప్టెంబరులో పద్ధతి మారింది. ఇప్పుడు సొలిసిటర్ కావడానికి ఎస్‌ఆర్‌ఏ అడిగేవి నాలుగు: ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత, సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్, అంటే ఎస్‌క్యూఈ రెండు భాగాల్లో ఉత్తీర్ణత, రెండేళ్ల అర్హతగల పని అనుభవం, నడవడికలో లోపం లేదన్న నిర్ధారణ. ఈ జాబితాలో లా డిగ్రీ లేదు, పీజీడీఎల్ లేదు. పాత ఎల్‌పీసీ దారిలో అప్పటికే అడుగుపెట్టినవారికి 2032 వరకు గడువుంది.

ఎస్‌క్యూఈ-1 అంటే 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు. రెండు పేపర్లు, ఒక్కోదానిలో 180, రెండు రోజులు, రోజుకు అయిదు గంటలకు పైగా తెర ముందు కూర్చోవాలి. ప్రతి ప్రశ్నకు అయిదు జవాబులుంటాయి. వాటిలో కొన్ని పూర్తి తప్పులు కావు, అన్నిటికన్నా సరైనదాన్ని పట్టుకోవాలి. ఎస్‌క్యూఈ-2లో పన్నెండు రాత పనులు, నాలుగు మౌఖికాలు: కక్షిదారును ప్రశ్నించడం, వాదించడం, ఉత్తరం రాయడం, పత్రం తయారు చేయడం వంటివి. మొదటి పరీక్షలో గట్టెక్కేవారు సగం చుట్టుపక్కలే. 2021 నవంబరు విడతలో 53 శాతం, 2024 జులైలో 44 శాతం. ఆరేళ్లలో మూడు అవకాశాలే ఉంటాయి. రెండు భాగాలకు కలిపి ఫీజు మొదట్లో 3,980 పౌండ్లు. తర్వాత పెరుగుతూ 4,500 దాటింది. ఇది పరీక్ష ఫీజు మాత్రమే, కోచింగు ఖర్చు వేరు.

పరీక్ష నిర్వహణను కాప్లాన్ అనే సంస్థకు అప్పగించారు. 2024 జనవరి విడతలో మార్కులను దశాంశాల దగ్గర సవరించే లెక్క తప్పి, పాసైన 175 మందికి తప్పారని చెప్పారు. తప్పు బయటపడేసరికి కొందరికి చేతికందిన ఉద్యోగం చేజారిపోయింది. పరీక్ష తప్పితే ట్రైనింగ్ కాంట్రాక్టు రద్దు చేసే షరతు చాలా సంస్థల ఒప్పందాల్లో ఉంటుంది కాబట్టి, ఆ దశాంశాల ధర చాలా ఎక్కువ.

ఇక అసలు చిక్కు. ఎస్‌ఆర్‌ఏ పీజీడీఎల్ అక్కర్లేదన్నా, ఉద్యోగమిచ్చే సంస్థలు అంత తేలిగ్గా వదల్లేదు. ఫ్రెష్‌ఫీల్డ్స్, హెర్బర్ట్ స్మిత్ ఫ్రీహిల్స్, హోగన్ లవెల్స్, లింక్‌లేటర్స్, నార్టన్ రోజ్ ఫుల్‌బ్రైట్, స్లాటర్ అండ్ మే కలిసి సిటీ కన్సార్టియంగా ఏర్పడి, బీపీపీ యూనివర్సిటీతో తమ ట్రైనీల కోసం ప్రత్యేక కోర్సు రూపొందించుకున్నాయి. వాటిలో లా చదవనివారు ముందు పీజీడీఎల్ పూర్తిచేయాలి. మిగతా పెద్ద సంస్థలది కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. నిబంధన సడలింది కదా అని కోర్సు మానేసి నేరుగా ఎస్‌క్యూఈకి కూర్చునే సాహసం చేయవచ్చు. కానీ ఒప్పందం అంటే ఏమిటో తొలిసారి చదువుతూ 360 ప్రశ్నలకు సిద్ధం కావడం సాహసం కంటే మొండితనానికే దగ్గర.

రెండేళ్ల ముందు క్యాలెండరు

లా చదవని విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెద్ద సంస్థలు కనీసం రెండేళ్ల ముందుగా మనుషులను ఎంచుకుంటాయి. లా విద్యార్థులకు ఈ సంగతి మొదటి సంవత్సరంలోనే చెవిన పడుతుంది. సీనియర్లు చెబుతారు, కాలేజీలో విద్యార్థుల లా సొసైటీ విందులు పెడుతుంది, సంస్థల మనుషులే వచ్చి మాట్లాడతారు. పక్క భవనంలో భూగోళశాస్త్రం చదివే వ్యక్తికి ఆ ఊసే తెలియదు. ఆఖరి సంవత్సరం నడిమధ్యలో ఆలోచన వచ్చేసరికి గడువులు దాటిపోయి ఉంటాయి.

ఒక ఉదాహరణ. చరిత్ర విద్యార్థిని ఒకరు 2025 శరదృతువులో, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో దరఖాస్తు పెట్టారనుకుందాం. ఎంపికైతే 2026 వేసవిలో డిగ్రీ, 2026–27లో పీజీడీఎల్, 2027–28లో ఎస్‌క్యూఈ తయారీ, 2028లో ఆఫీసులో తొలి రోజు. అదే లా విద్యార్థి అయితే ఆఖరి సంవత్సరానికి ముందే దరఖాస్తు పెట్టి ఒక ఏడాది మిగుల్చుకుంటారు. ఇప్పుడు చాలా సంస్థలు లా చదవనివారినీ రెండో సంవత్సరం నుంచే దరఖాస్తు చేయనిస్తున్నాయి. ఈ మార్పు తెలిసినవారికి మేలు చేస్తుంది, తెలియనివారిని ఇంకా వెనక్కి నెడుతుంది.

సంవత్సరం చుట్టూ దీనికొక చక్రం ఉంది. సెప్టెంబరులో దరఖాస్తులు తెరుస్తారు. డిసెంబరులో ఒకటి రెండు వారాలు ఆఫీసులో గడిపే వింటర్ వెకేషన్ స్కీమ్‌లను లా చదవనివారి కోసం, ఆఖరి సంవత్సరంవారి కోసం ప్రత్యేకంగా పెట్టడం పాత ఆచారం. వాటి గడువు అక్టోబరు ప్రాంతంలోనే ముగుస్తుంది. వసంతం, వేసవి స్కీమ్‌ల గడువులు డిసెంబరు, జనవరిలో. కొన్ని సంస్థలు గడువు దాకా ఆగకుండా వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుకుంటాయి. ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకు పంపిన దరఖాస్తు ఎంత బాగున్నా అప్పటికే తలుపు సగం మూసుకుని ఉండవచ్చు. వెకేషన్ స్కీమ్ పేరుకు అనుభవం కోసమే అయినా, వాస్తవానికి అది రెండు వారాల ఇంటర్వ్యూ. చాలా సంస్థలు తమ ట్రైనీలలో ఎక్కువమందిని అక్కడ చూసినవారిలోంచే తీసుకుంటాయి.

దేశం మొత్తంలో ఏటా నమోదయ్యే ట్రైనింగ్ కాంట్రాక్టులు స్థూలంగా అయిదారు వేలు. మ్యాజిక్ సర్కిల్ అని పిలిచే అయిదు సంస్థలు (ఏ అండ్ ఓ షర్‌మన్, క్లిఫర్డ్ చాన్స్, ఫ్రెష్‌ఫీల్డ్స్, లింక్‌లేటర్స్, స్లాటర్ అండ్ మే) ఒక్కోటి ఏటా వంద చొప్పున, కాస్త అటూ ఇటూగా తీసుకుంటాయి. ఊళ్లలోని చిన్న సంస్థలు ఒకరినో ఇద్దరినో, అదీ అవసరమైన ఏడాదే.

ఫారంలో ఏం రాయాలి

ఫారాల్లో మాటలు వేరైనా ప్రశ్నలు మూడే: లా ఎందుకు, మా సంస్థే ఎందుకు, మీరే ఎందుకు. లా చదవనివారికి మొదటి ప్రశ్న బరువుగా ఉంటుంది. లా విద్యార్థిని ఆ ప్రశ్న అడిగినా అంత గట్టిగా అడగరు. మూడేళ్లు చదవడమే సగం జవాబు. రసాయనశాస్త్రం చదివినవారు మాత్రం ప్రయోగశాలను వదిలి ఎందుకు వస్తున్నారో చెప్పి తీరాలి. వాదించడం ఇష్టం, చిన్నప్పటి నుంచి న్యాయమంటే ప్రాణం అని రాసిన దరఖాస్తులు చదివేవారికి వేలల్లో వస్తాయి. అవి నిలవవు. చదివిన సబ్జెక్టు నుంచి చట్టం వైపు నడిచిన దారి ఎక్కడో కనిపించాలి.

ఉదాహరణకు, పోస్టాఫీసు హొరైజన్ కేసును చూడండి. ఫుజిత్సు తయారుచేసిన లెక్కల సాఫ్ట్‌వేర్ లోటు చూపిస్తే, బ్రిటిష్ పోస్టాఫీసు ఆ లోటును దుకాణాలు నడిపే సబ్-పోస్ట్‌మాస్టర్ల మీద మోపింది. వందల మందికి దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. మాజీ సబ్-పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ ముందుండగా 555 మంది కలిసి హైకోర్టుకు వెళ్లారు. వారి తరఫు సొలిసిటర్ల సంస్థ ఫ్రీత్స్. 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ తీర్పు సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని, బ్రాంచి ఖాతాల్లోకి బయటినుంచి ప్రవేశించడం సాధ్యమేనని తేల్చింది.

కంప్యూటర్ సైన్సు విద్యార్థి ఈ కేసును లా విద్యార్థి కన్నా బాగా చెప్పగలరు. లాగ్ అంటే ఏమిటి, లోపం ఒకసారి కనబడి మరోసారి ఎందుకు కనబడదు, వాదిస్తున్న పక్షం చేతిలో ఏ రికార్డులు ఉండి తీరాలి అన్నవి వారికి తెలుసు. అక్కడి నుంచి ఒక అడుగు వేస్తే చట్టం: కంప్యూటర్ సాక్ష్యం ఇచ్చేవారు అది సరిగ్గా పనిచేసిందని రుజువు చేయాలన్న 1984 నాటి సెక్షన్‌ను 1999 చట్టంతో తీసేశారు. ఆపై కంప్యూటర్ బాగానే ఉందని కోర్టు ముందే అనుకోవడం మొదలైంది. తప్పుందని చూపే భారం ముద్దాయిల మీద పడింది. ఇంకో అడుగు వేస్తే వ్యాపారం: పరిహారంగా ఒప్పుకున్న 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌండ్లలో సింహభాగం కేసు ఖర్చులకు, కేసుకు పెట్టుబడి పెట్టిన ఫండుకే పోయింది. బాధితులకు మిగిలింది సుమారు కోటీ ఇరవై లక్షలు. డబ్బులేనివారు పెద్ద సంస్థ మీద కేసు ఎలా వేస్తారు, వేస్తే ఎవరికి ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న వేయగలగడాన్నే సంస్థలు కమర్షియల్ అవేర్‌నెస్ అంటాయి. అదేదో రోజూ ఆర్థిక పత్రిక చదివి వడ్డీ రేట్లు బట్టీ పట్టడమని చాలామంది భయపడతారు. ఒక ఘటనలో డబ్బు ఎటు నుంచి ఎటు కదిలిందో చూడగలిగితే చాలావరకు సరిపోతుంది.

రెండో ప్రశ్నలో ఎక్కువమంది జారిపోతారు. సంస్థ పేరు మార్చితే మరో సంస్థకూ సరిపోయే పేరా రాస్తే, చదివే మనిషి మొదటి వాక్యంలోనే పసిగడతారు. ఇక్కడ డిగ్రీ సాయపడుతుంది. పేటెంట్లకు పేరున్న బ్రిస్టోస్ వంటి సంస్థలకు విజ్ఞానశాస్త్రాల పట్టభద్రులంటే మక్కువ. మందు అణువు నిర్మాణం మీద కేసు నడుస్తుంటే దాన్ని చదవగలిగే మనిషి కావాలి. నిర్మాణ వివాదాలకు పేరున్న పిన్సెంట్ మేసన్స్‌లో సివిల్ ఇంజనీరు తన చదువును వివరించుకోవాల్సిన పని తక్కువ. వైద్య నిర్లక్ష్యం కేసులకు జీవశాస్త్రం, నర్సింగు నేపథ్యం. సరిహద్దులు దాటే ఒప్పందాలకు భాషలు. సాహిత్యం చదివినవారిని ఏం చేసుకుంటారని అడగవచ్చు. రెండొందల పేజీల ఒప్పందంలో ఒక్క నిబంధన మిగతావాటికి ఎక్కడ అడ్డుపడుతుందో ఓపికగా చదివి పట్టుకోవడం వాళ్లకు కొత్త పని కాదు.

వడపోత

ఫారం దాటాక తరచూ ఎదురయ్యేది వాట్సన్–గ్లేజర్ పరీక్ష. గుడ్విన్ వాట్సన్, ఎడ్వర్డ్ గ్లేజర్ అనే అమెరికన్ మనస్తత్వ పండితుల పేరు మీద వచ్చిన ఈ పరీక్షలో అయిదు భాగాలు: ఇచ్చిన సమాచారం నుంచి ఊహించడం, దాగిన నమ్మకాలను గుర్తించడం, తర్కంతో తేల్చడం, అర్థం చెప్పడం, వాదన బలం తూచడం. నలభై ప్రశ్నలు, అరగంట. చట్టజ్ఞానం ఏమీ అక్కర్లేదు.

ప్రశ్నల తీరు ఇలా ఉంటుంది: 'ఒక పట్టణంలో నిరుడు మూడు సూపర్‌మార్కెట్లు తెరిచారు; అదే ఏడాది పది చిన్న కొట్లు మూతపడ్డాయి.' దీన్నుంచి, ఆ పట్టణంలో చిన్న కొట్ల సంఖ్య తగ్గిందని అనవచ్చా? చాలామంది అవునంటారు. మూతపడినవి పది అని చెప్పారు గానీ, కొత్తగా ఎన్ని తెరిచారో చెప్పలేదు. సమాచారం చాలదన్నదే సరైన జవాబు. బయటి ప్రపంచం గురించి తెలిసిన సంగతులను పక్కన పెట్టి కాగితం మీద ఉన్నదాన్నే నమ్మే అలవాటు ఉన్నవారికి ఇది తేలిక. గణితం, తత్వశాస్త్రం చదివినవారికి ఆ అలవాటు ముందే ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత కెమెరా ముందు రికార్డు చేసుకునే వీడియో ఇంటర్వ్యూ, ఆపై అసెస్‌మెంట్ సెంటర్. అక్కడ ఒక రోజులో నలుగురైదుగురితో బృంద చర్చ, రాత పని, ఒక కంపెనీ అమ్మకం గురించిన పత్రాల కట్ట చదివి పార్ట్‌నర్ ఎదుట వివరించడం ఉంటాయి. లా చదవనివారిని చట్టం సెక్షన్లు అడగరు. దరఖాస్తులో వాళ్లు ప్రస్తావించిన విషయాన్నే పట్టుకుని లోతుకు వెళతారు. హొరైజన్ గురించి గొప్పగా రాసి, ఫండుకు డబ్బు ఎందుకు పోయిందో చెప్పలేకపోతే ఇబ్బందే.

ఏ కాలేజీ అన్న పక్షపాతాన్ని తగ్గించడానికి కొన్ని ప్రయత్నాలు జరిగాయి. క్లిఫర్డ్ చాన్స్ ఆఖరి ఇంటర్వ్యూలో అభ్యర్థి యూనివర్సిటీ, మార్కులు ఇంటర్వ్యూ చేసేవారికి తెలియకుండా ఉంచే పద్ధతిని పదేళ్ల కిందటే తెచ్చింది. రేర్ అనే సంస్థ 2015లో ప్రవేశపెట్టిన విధానంలో మార్కులను అభ్యర్థి చదివిన స్కూలు పరిస్థితితో కలిపి చూస్తారు. వెనకబడిన ప్రాంతపు బడిలో వచ్చిన బీ, పేరుమోసిన ప్రైవేటు బడిలో వచ్చిన ఏ కంటే బరువు తూగవచ్చు.

ఎంపికైనవారికి

రెండేళ్లను సాధారణంగా ఆరేసి నెలల నాలుగు సీట్లుగా విభజిస్తారు. సీటు అంటే ఒక విభాగం: కంపెనీల కొనుగోలు, బ్యాంకింగ్, వివాదాలు, ఆస్తులు. ఒక సీటు విదేశీ ఆఫీసులోనో, క్లయింటు కంపెనీలోనో గడపవచ్చు. పెద్ద సంస్థలు పీజీడీఎల్, ఎస్‌క్యూఈ ఫీజులు కట్టి, చదివే కాలానికి భృతి కూడా ఇస్తాయి. మ్యాజిక్ సర్కిల్‌లో 2024 నాటికి మొదటి ఏడాది ట్రైనీ జీతం 56,000 పౌండ్ల ప్రాంతంలో, అర్హత పొందిన మరుసటి రోజు నుంచి ఏడాది జీతం 1,50,000 పౌండ్లు.

హై స్ట్రీట్ సంస్థల లెక్క పూర్తిగా వేరు. విడాకులు, ఇళ్ల కొనుగోళ్లు, వీలునామాలు, లీగల్ ఎయిడ్ కేసులు చూసే ఈ ఊరి సంస్థలు ఫీజులు కట్టలేవు. ట్రైనీకి ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలన్న ప్రత్యేక కనీస జీతాన్ని ఎస్‌ఆర్‌ఏ 2014 ఆగస్టులో ఎత్తేసింది. అప్పటి నుంచి చట్టప్రకారం దేశంలో అందరికీ వర్తించే కనీస వేతనమే హద్దు. లా సొసైటీ ఒక మొత్తాన్ని సిఫారసు చేస్తుంది, కట్టుబడాల్సిన పనిలేదు. అందుకని లా చదవని పట్టభద్రులు స్పాన్సర్ లేకుండా ఈ దారి పడితే, పీజీడీఎల్‌కు, ఎస్‌క్యూఈకి వేల పౌండ్లు సొంతంగా తెచ్చుకోవాలి. పీజీడీఎల్‌కు విడిగా ప్రభుత్వ విద్యారుణం రాదు. అందుకే యూనివర్సిటీలు దాన్ని మాస్టర్స్ డిగ్రీలో కలిపి అమ్ముతాయి, విద్యార్థులు రుణం కోసం మాస్టర్స్ చదువుతారు. ఈ ఏర్పాటులో ఎవరు ఎవరికి సాయపడుతున్నారో చెప్పడం కష్టం.

ఎస్‌క్యూఈ తెచ్చిన నిజమైన మేలు రెండేళ్ల అనుభవం నిబంధనలో ఉంది. ఇప్పుడు అది ఒకే ట్రైనింగ్ కాంట్రాక్టుగా ఉండనక్కర్లేదు. నాలుగు వేర్వేరు చోట్ల వరకు కలుపుకోవచ్చు: పారాలీగల్‌గా, అంటే సొలిసిటర్లకు సహాయకులుగా, ఒక ఏడాది, యూనివర్సిటీ న్యాయ సహాయ కేంద్రంలో కొన్ని నెలలు, చదువులో భాగమైన ప్లేస్‌మెంటు. అర్హతగల సొలిసిటర్ ఒకరు ఆ అనుభవాన్ని ధ్రువీకరించాలి. మనిషి సమర్థుడని హామీ ఇవ్వనక్కర్లేదు, సామర్థ్యం పెంచుకునే అవకాశం దొరికిందని చెబితే చాలు. ఏళ్ల తరబడి పారాలీగల్‌గా పనిచేస్తూ ట్రైనింగ్ కాంట్రాక్టు కోసం ఎదురుచూసినవారికి ఇది తలుపు తెరిచింది. పెద్ద సంస్థలు మాత్రం ఇలా అర్హత పొందినవారిని ఇంకా సందేహంగానే చూస్తున్నాయి. డిగ్రీతో పని లేకుండా స్కూలు తర్వాతే చేరే ఆరేళ్ల సొలిసిటర్ అప్రెంటిస్‌షిప్ 2016 నుంచి ఉంది. పట్టభద్రులూ కుదించిన రూపంలో దాన్ని వాడుకునేవారు. ఆ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వ నిధులను 2026 జనవరి నుంచి ప్రధానంగా 21 ఏళ్లు, అంతకు లోపు వయసువారికే పరిమితం చేయడంతో ఆ దారి ఇరుకైంది.

ఇదంతా ఇంగ్లండ్, వేల్స్‌కే. స్కాట్లండ్‌లో వేరే సబ్జెక్టు పట్టభద్రులు రెండేళ్ల లా డిగ్రీ, వృత్తి డిప్లొమా, ఆపై ట్రైనీషిప్ చేయాలి.

భారతీయ డిగ్రీ, అది బీటెక్ అయినా, బ్రిటిష్ డిగ్రీకి సమానమని తేలితే ఎస్‌క్యూఈకి పనికొస్తుంది. మొదటి పరీక్షను విదేశాల్లోని పరీక్ష కేంద్రాల్లోనూ రాయవచ్చు. రెండోదానిలోని మౌఖికాలకు మాత్రం ఇంగ్లండ్ లేదా వేల్స్ వెళ్లాలి. భారత్‌లో అడ్వకేట్‌గా నమోదైనవారికి రెండేళ్ల అనుభవం నిబంధన వర్తించదు. లా చదవని తెలుగు పట్టభద్రులు లండన్‌లో ట్రైనీగా చేరాలంటే ఆపైన వీసా లెక్క ఉంది: స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం హద్దును 2024 ఏప్రిల్‌లో 26,200 నుంచి 38,700 పౌండ్లకు, 2025 జులైలో 41,700కు పెంచారు. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి కొంత తగ్గింపు ఉంది. సిటీ సంస్థల జీతాలు ఈ హద్దును తేలిగ్గా దాటతాయి, స్పాన్సర్ లైసెన్సు కూడా వాటికుంటుంది. లెస్టర్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో గుజరాతీ, పంజాబీ, తెలుగు కుటుంబాల ఇళ్ల పత్రాలు చూసే చిన్న సంస్థకు మనిషి నచ్చినా, అంత జీతం చూపించడం కుదరదు.